క్యాన్సర్‌ను ముందే తెలిపే డీఎన్‌ఏ గుర్తులు



దేహం అల్లాహ్ మనకు అప్పగించిన అమానత్. దాన్ని కాపాడుకోవడానికి వస్తున్న ఒక కొత్త పరీక్షా విధానాన్ని మన దాతలు తెలుసుకోవాలనే ఈ వ్యాసం రాస్తున్నాను.

ఒక్కోసారి పాఠ్యపుస్తకంలో కొన్ని పాఠాలకు ‘సిలబస్‌లో లేదు’ అని గుర్తు పెట్టిస్తాం. పాఠం పుస్తకంలోనే ఉంటుంది, కానీ ఎవరూ చదవరు. కణంలోని డీఎన్‌ఏకు అలాంటి గుర్తే మిథైల్. ఒక కార్బన్, మూడు హైడ్రోజన్ పరమాణువుల చిన్న సమూహమిది. ఇది డీఎన్‌ఏకు అతుక్కోవడాన్ని మిథైలేషన్ అంటారు. ఆరోగ్యవంతులలోనూ ఇది ఉంటుంది, అవసరం కూడా. అయితే క్యాన్సర్ కణాల్లో, కణాల పెరుగుదలను అదుపు చేసే జన్యువుల మీద కూడా ఈ గుర్తు పడి, అవి మూగబోతాయి. ఈ మార్పు తొలిదశలోనే కనిపించవచ్చు.

ఆ కణాల డీఎన్‌ఏ ముక్కలు రక్తంలోకి, క్యాన్సర్ వచ్చిన అవయవాన్ని బట్టి మూత్రంలోకి, మలంలోకి చేరతాయి. వాటిలో ఈ గుర్తులను వెతకడమే పరీక్ష. పెద్దపేగు క్యాన్సర్ కోసం అమెరికాలో 2014లో ఆమోదం పొందిన కోలోగార్డ్ పరీక్ష, మలంలో ఈ గుర్తులతో పాటు జన్యు మార్పులను, రక్తపు జాడను కూడా చూస్తుంది. దాదాపు 10 వేల మందిపై జరిపిన అధ్యయనంలో క్యాన్సర్ ఉన్న 65 మందిలో 60 మందిని ఇది గుర్తించింది. సెప్టిన్9 జన్యువు మీది గుర్తును చూసే రక్తపరీక్షకు అక్కడే 2016లో ఆమోదం లభించింది.

అయితే అదే అధ్యయనంలో క్యాన్సర్ గానీ, ముదిరిన కణుతులు గానీ లేనివారిలోనూ 100కు 13 మందికి పాజిటివ్ వచ్చింది. అంటే పాజిటివ్ రాగానే క్యాన్సర్ అని కాదు, కొలనోస్కోపీతో నిర్ధారించుకోవాలి. నెగటివ్ వచ్చినా లక్షణాలుంటే డాక్టరును కలవాలి.

దాతలు గమనించవలసింది ఇదే. మొదటి పరీక్షతో ఆగిపోతే ప్రయోజనం లేదు. మన దేశంలో 30 ఏళ్లు దాటినవారికి నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల తొలి పరీక్షలకు ప్రభుత్వ కార్యక్రమం ఉంది. అనుమానం తేలాక పెద్దాసుపత్రికి వెళ్లాలంటే పేదవారికి బస్సు ఛార్జీ, పోయే రోజు కూలి అడ్డొస్తాయి. మన అక్కచెల్లెళ్లకు తోడు లేక, బిడియం వల్ల ఆలస్యమవుతుంది. మన సదఖాలో కొంత ఆ ప్రయాణానికి, ఆ తోడుకు కేటాయిద్దాం. ఇన్షా అల్లాహ్, జబ్బు ముదరకముందే వైద్యం అందుతుంది.

అల్లాహ్ అందరికీ ఆరోగ్యం ప్రసాదించుగాక. ఆమీన్.