రాత్రి షిఫ్టు, ఒంటి గడియారం

పీలమేడు



మనిషి నడవడిక మొత్తం మనసు చేతిలో ఉన్నట్టు కనిపిస్తుంది. నిజానికి దాన్ని లోపలినుంచి నడిపేవి రెండు: నాడులు, హార్మోనులు. నాడి కబురు రెప్పపాటులో కండరాన్ని చేరుతుంది, అక్కడితో దాని పని సరి. హార్మోను రక్తంలో కలిసి ఒళ్లంతా తిరుగుతుంది. నిదానంగా మొదలై చాలాసేపు నిలుస్తుంది. ఈ రెంటినీ కలిపేది మెదడు అడుగున ఉండే హైపోథాలమస్. ఆకలి, దప్పిక, భయం, నిద్ర అన్నిటికీ అక్కడ వేరు ఉంది. నిద్ర ఒక్కటి గట్టిగా పట్టుకుంటే మిగతావాటి తీరు తెలుస్తుంది. కోయంబత్తూరులోని పీలమేడువాళ్లకు ఆ పాఠం మిల్లులోనే దొరుకుతుంది.

1930ల మొదట్లో నీలగిరుల నుంచి పైకారా జలవిద్యుత్తు వచ్చాక కోయంబత్తూరు చుట్టూ నూలు మిల్లులు పెరిగాయి. కరెంటు దీపం ఉంటే యంత్రానికి రాత్రీ పగలూ ఒకటే. మనిషికి కాదు. నూలు వడికే రింగ్ ఫ్రేమ్ ముందు తిరిగే కార్మికురాలు తెగిన పోగు కనబడగానే బాబిన్ ఆపి, కొస తీసి, ట్రావెలర్ అనే చిన్న కొక్కెంలో దూర్చి, రోలర్ల దగ్గర దిగివస్తున్న దూదిపోగుకు అతికిస్తుంది. చేయి తిరిగినవాళ్లకు అది కొన్ని సెకన్ల పని. కన్ను చూడడం, మెదడు పోల్చుకోవడం, చిన్నమెదడు వేళ్లను సరిదిద్దడం అన్నీ అంతలోనే జరిగిపోతాయి. అవే వేళ్లు తెల్లవారుజామున మూడు, నాలుగు గంటలప్పుడు తడబడతాయి. నేర్పు ఎక్కడికీ పోలేదు. ఒంటి వేడి బాగా తగ్గి, చురుకుదనం అడుగంటే వేళ అది. దాన్ని బద్ధకమని తిట్టడం అన్యాయం.

ఆ వేళను నిర్ణయించే గడియారం కూడా హైపోథాలమస్‌లోనే ఉంది. రెండు కంటినాడులు కలిసే చోటికి సరిగ్గా పైన ఉండే కొన్ని వేల నాడీకణాల గుంపు అది; పేరు సుప్రాకయాస్మాటిక్ న్యూక్లియస్. బయటి వెలుగు లేకపోయినా సుమారు 24 గంటల లయలో నడుస్తుంది, వెలుగు దాన్ని రోజూ సరిచేస్తుంది. కంటి రెటీనాలో మెలనాప్సిన్ అనే వెలుగును పసిగట్టే పదార్థం ఉన్న కణాలు పగలు, రాత్రి తేడా దానికి తెలియజేస్తాయి. అక్కడినుంచి మెదడులోని పీనియల్ గ్రంథికి కబురు పోయే దారి చిత్రమైనది: వెన్నుపాములోకి దిగి, మెడ దగ్గరి నాడీముడికి ఎక్కి, మళ్లీ తలలోకి వస్తుంది. చీకటిలో పీనియల్ మెలటోనిన్ వదులుతుంది. 1958లో ఆరన్ లెర్నర్ బృందం పశువుల పీనియల్ గ్రంథుల నుంచి వేరుచేసిన హార్మోను ఇది. మత్తుమందు కాదు, రాత్రయిందని ఒంటికి చెప్పే కబురు.

కార్టిసాల్ అనే హార్మోను తీరు వేరు. మెలకువ వచ్చే వేళకు అది పెరుగుతుంది. హైపోథాలమస్ పిట్యూటరీ గ్రంథిని, పిట్యూటరీ అడ్రినల్ గ్రంథిని ప్రేరేపిస్తే అడ్రినల్ కార్టిసాల్‌ను వదులుతుంది. చాలినంత కాగానే కార్టిసాలే వెనక్కి తిరిగి పై రెంటినీ తగ్గిస్తుంది. పెద్ద చప్పుడుకు గుండె దడదడలాడించే అడ్రినలిన్‌కు ఇంత వరస లేదు. నాడి నేరుగా అడ్రినల్ గ్రంథిలోకే వెళ్తుంది కాబట్టి అది సెకన్లలో విడుదలవుతుంది.

ఈ లయల మీద పెద్ద పని జరిగింది మదురైలోనే. మదురై కామరాజ్ విశ్వవిద్యాలయంలో ఎం.కె. చంద్రశేఖరన్ బృందం గుహల్లోని గబ్బిలాలను గమనించింది. లోపల చీకట్లో ఉంచిన గబ్బిలం తోటివాటి రాకపోకలను బట్టి తన వేళ దిద్దుకుంటుందని 1981లో ప్రచురించింది. 1985లో విశ్వనాథన్, చంద్రశేఖరన్ మరొకటి చూపారు: తల్లి ఎలుక గూట్లో ఉండే వేళా లేని వేళా పిల్లల గడియారాన్ని దిద్దుతాయి. అంటే గడియారానికి వెలుగే కాదు, తోడు కూడా గుర్తే. మనుషులను వాచీ, ఎండ లేని గదిలో ఉంచి కూడా చూశారు. అలా ఉన్న ఒక స్త్రీలో నిద్ర మెలకువల లయకూ రుతుచక్రానికీ ముడి లేదని 1991లో రాశారు. హార్మోనులన్నీ ఒకే గడియారానికి లొంగవన్నమాట.

రాత్రి షిఫ్టుకు ఒళ్లు అలవాటు పడుతుందన్న మాట సగమే నిజం. గడియారం రోజుకు గంట అటూఇటూగా మాత్రమే జరుగుతుంది, ఇంటికి వెళ్లే దారిలో తగిలే ఎండ దాన్ని మళ్లీ పగటికి లాగుతుంది. వారం వారం షిఫ్టు మార్చే మిల్లులో అది కుదురుకునేలోపే వేళ మారిపోతుంది. మార్చక తప్పనప్పుడు ఉదయం నుంచి సాయంత్రానికి, సాయంత్రం నుంచి రాత్రికి జరపడం మేలు. చాలామందిలో ఈ గడియారానికి 24 గంటల కంటే కొంచెం ఎక్కువ పడుతుంది కాబట్టి, ముందు పడుకోవడం కంటే ఆలస్యంగా పడుకోవడమే ఒంటికి తేలిక.