తలుపు తెరచుటకు ముందు

సిద్ధిపేట జిల్లా మర్కూక్ మండలమున ఎర్రవల్లి యను గ్రామము కలదు. 2016వ సంవత్సరము వరకు ఇది మెదక్ జిల్లాలోనిది. ఆ సంవత్సరము డిసెంబరు మాసమున ఈ గ్రామమున ఒకేసారి పెక్కు గృహప్రవేశములు జరిగినవి. పాత ఇండ్లున్న చోట ప్రభుత్వము కట్టించిన రెండు పడకగదుల ఇండ్లు బారులు తీరి నిలిచినవి. అన్నియు ఒకే నమూనా. క్రొత్తగా వచ్చిన చుట్టము తన వారి ఇల్లేదో తెలియక నాలుగు వాకిండ్లు తట్టవలసినదే. 15 టి.ఎం.సి.ల నీరు పట్టు కొండపోచమ్మ జలాశయము, 2020లో ప్రారంభింపబడినది, ఈ మండలపు ప్రాంతముననే యున్నది.

ఇట్టి ఊరిలో తొమ్మిదవ తరగతి చదువు బాలుడొకడు కలడని ఊహింపుడు. ఉత్కంఠ కలిగించు చలనచిత్రములన్న వానికి మిక్కిలి ప్రీతి. లోకులు వీనిని థ్రిల్లర్లని పిలుతురు. పూర్తి చిత్రము తీయుటకు ధనము కావలెను, నటులు కావలెను. అందుచే కథ యారంభమగు రెండు నిమిషములు మాత్రమే తండ్రి సెల్‌ఫోనుతో తీయవలెనని వాడు సంకల్పించెను. తీసిన పిదప ఎక్కడ కుదిరినదో, ఎక్కడ చెడినదో ఒక నోటుపుస్తకమున వ్రాసికొనెను. పరుల తప్పులు వ్రాయుమన్న కలము పరుగెత్తును; తన తప్పులు వ్రాయుమన్న అడుగడుగున ఆగును. వాడు ఆ రెండు నిమిషములను మూడు మారులు తీసెను, మూడు మారులు వ్రాసెను.

భయమనగా పాడుబడిన బంగళా, గబ్బిలములు, కిర్రుమను తలుపు అని మొదట వాని తలంపు. ఎర్రవల్లి వీధులలో పాడుబడిన బంగళా ఎక్కడిది? గోడలన్నియు క్రొత్తవి. తలుపు కిర్రుమన్నచో ఎవరైన ఇంత నూనె వేయుదురు. కావున వాడు రాత్రివేళ పొలములోని బోరుమోటారు గది యొద్దకు పోయెను. చెలికాడొకడు జాతరలో కొన్న ముసుగు తగిలించుకొని, చేత కొడవలి పట్టి, చెట్టు చాటునుండి దూకెను. కుంకుమ కలిపిన నీరు రక్తమైనది. ఎక్కడినుండియో తెచ్చిన సంగీతము మొదటినుండి చివరివరకు మ్రోగెను.

మరునాడు అరుగుమీద పదిమందిని కూర్చుండబెట్టి దీనిని చూపగా, భయపడిన వాడొక్కడును లేడు. చీకటిలో తీయుటచే బొమ్మయంతయు ఇసుక చల్లినట్లు గరుకుగా కన్పట్టెను. ముసుగువాడు దూకగానే ఐదేండ్ల పిల్లవాడొకడు, “అవి మా అన్న చెప్పులు!” అని కేక వేసెను. అందరును నవ్విరి. బాలుడు ఆ రాత్రి నోటుపుస్తకమున, “రక్తము సరిగా లేదు” అని ఒక్క వాక్యము వ్రాసి ఊరకుండెను.

కాని దోషము రక్తములో లేదు. ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్ అను సుప్రసిద్ధ దర్శకుడు 1960లో ‘సైకో’ అను నలుపు తెలుపు చిత్రమును తీసినపుడు, స్నానపుగదిలోని హత్యా దృశ్యమునకు రక్తముగా చాక్లెట్ పాకమును వాడెను. లోకమంతయు దానిని చూచి గడగడలాడెను. స్టీవెన్ స్పీల్‌బర్గ్ 1975లో తీసిన ‘జాస్’ చిత్రమున మొదటి దృశ్యమున ఒక యువతి సముద్రమున ఈదుచు సొరచేప పాలగును. ఆ చేప ప్రేక్షకులకు లేశమైనను కనబడదు. ఆ చిత్రమునకై చేసిన యంత్రపు సొరచేప ఉప్పునీటిలో మాటిమాటికి చెడిపోవుటచే, చిత్రమున పెక్కు చోట్ల దానిని చూపక నెట్టుకొని రావలసి వచ్చెను. ఆ కొరతయే చిత్రమునకు మేలైనది.

‘సైకో’ ప్రారంభము ఇంకను గమనింపదగినది. అందు చీకటి లేదు, తుపాను లేదు. పట్టపగలు ఫీనిక్స్ నగరపు మేడలు కనబడును. ఊరి పేరు, వారము, తేదీ, మధ్యాహ్నము 2 గంటల 43 నిమిషములని వేళ తెరపై అక్షరములలో కనబడును. అంతట కెమేరా మెల్లమెల్లగా ఒక కిటికీని సమీపించి లోనికి తొంగిచూచును. ఇంత ఖండితముగా వేళ చెప్పిన వానిమాట ఎవడు నమ్మడు?

అంతకు చాల ముందే, 1931లో జర్మనీలో ఫ్రిట్జ్ లాంగ్ తీసిన ‘ఎం’ అను చిత్రము కలదు. దాని మొదటి దృశ్యమున పిల్లలు వాకిట ఆడుకొనుచుందురు. ఒక తల్లి బడినుండి రాదగిన కూతునకై భోజనము సిద్ధము చేయుచుండును. గడియారము మ్రోగును. పళ్లెము ఖాళీగా నుండును. మెట్లు ఖాళీగా నుండును. బిడ్డ ఆడుకొను బంతి గడ్డిమీద దొర్లి ఆగును. ఆమె చేతిలోని బుడగ తంతితీగలలో చిక్కుకొనును. అంతే. హంతకుని చేయి చూపలేదు, బిడ్డ కేక వినిపింపలేదు. ఖాళీ పళ్లెము చూచిన ఏ తల్లియు ఆ దృశ్యమును మరువజాలదు. ఉత్కంఠ చిత్రముల ప్రారంభములలో దీనికి మించినది లేదనుట అతిశయోక్తి కాదు.

ఇట్టివి తెలిసికొన్న పిమ్మట బాలుడు పొలము విడిచి తన వీధికే వచ్చెను. ఒకే తీరున నున్న ఇండ్లు తనకు లోపమని ఇంతవరకు అనుకొనెను. ఇప్పుడు వానినే పరకాయించి చూచెను. అన్ని ఇండ్లును ఒక్కటిగా నున్నపుడు, ఒక్క ఇంటియెదుట మాత్రము ఉదయము ముగ్గు లేకున్నచో కన్ను అక్కడనే ఆగును. ఆ ఇంటి నల్లా క్రింద బిందె నిండి, నీరు పొర్లి వాకిటిలోనికి పారుచున్నది. కట్టకొయ్యకు లేగదూడ త్రాడు బిగలాగి అరచుచున్నది. ఇంటి ఇల్లాలు వచ్చి నల్లా కట్టవలెను, రాదు. ఇంతలో పొరుగింటి చిన్నపిల్ల చేత గిన్నె పట్టుకొని చల్లకై వచ్చుచున్నది. తలుపు ఓరవాకిలిగా నున్నది.

తలంపు మంచిదే కాని చేతలో రెండు చిక్కులు వచ్చెను. మొదటిది దిక్కునకు సంబంధించినది. పిల్ల నడచుటను వీధికి ఒకవైపునుండి కొంత, రెండవవైపునుండి కొంత తీసెను. మొదటి ముక్కలో ఆమె ఎడమనుండి కుడికి నడచును. రెండవదానిలో కుడినుండి ఎడమకు. చూచినవారు పిల్ల సగము దారిలో వెనుకకు మరలినదనుకొనిరి. చిత్రములు తీయువారు దీనిని 180 డిగ్రీల నియమమందురు. నడచు మనుష్యునకును చేరవలసిన చోటికిని నడుమ నొక గీత గీసినట్లు భావించి, కెమేరాను ఆ గీతకు ఒకే ప్రక్కన ఉంచవలెను. వేరొక ఊరిలో నైనచో చెట్టో గుడియో చూచి ప్రేక్షకుడు దారి పోల్చుకొనును. ఇచ్చట ఏ ఇల్లు చూచినను అదే ఇల్లు! బాలుడు తుదకు నీలిరంగు వేసిన తులసికోట నొకదానిని గురుతుగా పెట్టుకొని, ప్రతి దృశ్యమునను అది పిల్లకు వెనుకనే యుండునట్లు చూచెను.

రెండవ చిక్కు ఫోనుది. తలుపు సందులోని చీకటివైపు త్రిప్పగానే, ఆ యంత్రము తనకు తానే వెలుతురు పెంచి లోపలనున్న బియ్యపు బస్తాను, చీపురుకట్టను స్పష్టముగా చూపెను. చీపురుకట్టను చూచి భయపడువారెవరు? తెరపై వ్రేలు కొంతసేపు అదిమి పట్టినచో ఆ వెలుతురు మార్పు ఆగునని తెలిసికొని, ఎండపడిన గోడను చూచి వెలుతురును స్థిరపరచి, ఆపై తలుపు తీసెను. అపుడు సందు కాటుకవలె నల్లనై కనబడెను.

ఈ రెండవ ప్రయత్నము చివర, పిల్ల తలుపుమీద చేయి వేయగానే లోపలినుండి మరొక చేయి చటాలున వచ్చి ఆమె మణికట్టు పట్టుకొనును. చూచినవారు ఉలికిపడిరి. ఉలికిపడి, వెంటనే ఒకరినొకరు చూచి నవ్వుకొని, లేచి పోయిరి. అంతకుముందు బిందె పొర్లినంతసేపు వారు, “నల్లా మరచినట్లున్నది” అని మాటలాడుకొనుచుండిరి. బాలునకు ఇది ముసుగువానిని చూచి నవ్వినదానికన్న ఎక్కువ బాధ కలిగించెను. రెండు నిమిషములు పని చేయించి, ఒక్క క్షణము మాత్రమే ఫలము పొందినట్లయ్యెను.

హిచ్‌కాక్ ఈ సంగతినే 1962లో ఫ్రెంచి దర్శకుడు ఫ్రాన్సువా త్రూఫోతో ముచ్చటించుచు చక్కగా వివరించెను. ఆ సంభాషణ 1966లో పుస్తకముగా వెలువడెను. కొందరు బల్లచుట్టు కూర్చుండి ఏదో మామూలు మాట లాడుకొనుచున్నారు. బల్ల క్రింద బాంబు ఉన్నది. ఆ సంగతి ప్రేక్షకునకు తెలియనిచో, అది ప్రేలినపుడు అతనికి కొన్ని క్షణముల ఆశ్చర్యము మాత్రమే. ముందుగనే అతనికి తెలిసి, బల్లకడ నున్నవారికి తెలియనిచో, ఆ మామూలు మాటలన్నియు ముండ్లమీద కూర్చుండి వినునట్లు వినును. 1958లో ఆర్సన్ వెల్స్ ‘టచ్ ఆఫ్ ఈవిల్’ అను చిత్రమును ఇట్లే ఆరంభించెను. ఒక కారు వెనుకపెట్టెలో బాంబు పెట్టుట మొదట చూపి, ఆ కారు వీధులవెంట పోవుటను మూడు నిమిషములకు పైగా ఎక్కడను త్రుంపక ఒకే దృశ్యముగా తీసెను.

బాలుడు మూడవ మారు మరల వీధికి పోయి తీసినది ఒక్క ముక్కయే. ముగ్గులేని ఇంటి కిటికీలో తెర మెల్లగా కదలును; ఒక మగవాని చేయి దానిని సరిచేసి లోనికి పోవును. ఈ ముక్కను అన్నిటికన్న ముందు పెట్టెను. చివరనున్న చేతిని తీసివేసెను. తక్కినదంతయు పాతదే. కాని పాతది పాతదిగా లేదు. ఇంతకుముందు మరపుగా తోచిన బిందె ఇపుడు ఆపదగా తోచెను. పిల్ల ముఖమున ఏ భావమును లేదు. వీధిన పోవు పిల్ల ముఖము, అంతే. అయినను చూచువారికి జాలి కలిగెను. ఇందు మంత్రమేమియు లేదు. 1920 ప్రాంతమున రష్యాలో లెవ్ కులెషోవ్ అను దర్శకుడు ఒక నటుని భావశూన్యమగు ముఖమును ఒకసారి పులుసు గిన్నె ప్రక్కన, ఒకసారి శవపేటిక ప్రక్కన, ఒకసారి ఒక స్త్రీ ప్రక్కన చేర్చి చూపెను. ఆ ముఖమున ఆకలి, దుఃఖము, మోహము తామే కల్పించుకొన్నది ప్రేక్షకులే. ఏ ముక్క ప్రక్కన ఏ ముక్క నిలుచునో, అదియే చలనచిత్రపు వ్యాకరణము.

సంగీతమును గూర్చి వాడు చాల తర్కించుకొనెను. ‘సైకో’లోని స్నానపుగది దృశ్యమునకు సంగీతమే వలదని హిచ్‌కాక్ మొదట తలచెను. సంగీతకర్త బెర్నార్డ్ హెర్మన్ తీగవాద్యములతో మాత్రమే ఒక రచన చేసి వినిపింపగా, తన మాట మార్చుకొనెను. అది విని బాలునకు తనకును వయొలిన్లు కావలెననిపించెను. కాని ఎర్రవల్లికి అంత దూరము కాని ప్రజ్ఞాపూర్‌లో పుట్టిన బి. నర్సింగరావు 1988లో తీసిన ‘దాసి’ ఈ కోవలోనిది కాకున్నను, వానికి వేరొక దారి చూపెను. గడీలో వెట్టిచేయు స్త్రీ కథయగు ఆ చిత్రమునకు 5 జాతీయ పురస్కారములు లభించెను. అందు మాటలు తక్కువ. గడీ గోడల నడుమ నిశ్శబ్దమే భారమై నిలుచును. బాలుడు సంగీతమంతయు తొలగించెను. గాలి రొద తగులని చోట ఫోనును పెట్టి, బిందె పొర్లు చప్పుడును వేరుగా పట్టి, దృశ్యమునకు చేర్చెను. పిల్ల తలుపును సమీపించుకొలది ఆ నీటి చప్పుడు కొంచెము కొంచెముగా పెరుగును. దూడ అరపు ఒక్కసారిగా ఆగును. దీనిని వాడు పెట్టలేదు. తీయునపుడు దూడయే ఆగెను. మంచి ముక్కలలో ఒకటి దూడ యిచ్చినదని నోటుపుస్తకమున ఒప్పుకొనెను.

మూడవ ప్రదర్శనమున అరుగుమీద వాని నాయనమ్మ కూడ ఉండెను. తొలి రెండు మారులును ఆమె తమలపాకు నములుచు, “బాగున్నది బిడ్డా” అని ఊరకున్నదే. ఈ మారు పిల్ల గిన్నెతో వాకిట అడుగు పెట్టగానే ఆమె నోరు ఆగెను. పిల్ల, “చిన్నమ్మా!” అని పిలిచి, సమాధానము రాక, తలుపుపై చేయి వేయగానే ముసలామె ముందుకు వంగి, “వద్దు బిడ్డా! తియ్యకు! లోపల ఎవడో ఉన్నడు!” అని కేక వేసెను.

తెర నల్లనయ్యెను. చిత్రము పేరు పడెను.

“లోపలున్నది ఎవడురా?” అని ఆమె మనుమని అడిగెను. వాడు సమాధానము చెప్పలేకపోయెను. రెండు నిమిషముల కథయే వాని యొద్ద నున్నది. ఆ చేయి ఎవరిదో వానికే తెలియదు. నోటుపుస్తకమున ఆ ప్రశ్న వ్రాసి, క్రింద అర పేజీ ఖాళీ విడిచెను.

మరునాటి సాయంకాలము చిత్రమున నటించిన ఆ చిన్నపిల్లనే ఇంటివారు నిజముగా చల్లకు పంపిరి. అదే వీధి, అదే ఇల్లు, అదే గిన్నె. తలుపు ఓరవాకిలిగా నుండెను. పిల్ల వాకిటిలోనికి పోలేదు. వీధి నడుమ నిలిచి, “చిన్నమ్మా! చిన్నమ్మా!” అని, ఆ ఇల్లాలు చేతులు తుడుచుకొనుచు బయటికి వచ్చువరకు పిలుచుచునే యుండెను. బాలుడు తన అరుగుమీదనుండి దీనిని చూచెను. లోపలికి పోయి నోటుపుస్తకము తీసి, ఖాళీ విడిచిన అర పేజీలో దానిని వ్రాసెను.