డర్బన్‌లో హెచ్‌ఐవీ ప్రాక్టికల్: వెళ్లే ముందు అడిగే ప్రశ్నలు

అమెరికాలో ఎంపీహెచ్ (ప్రజారోగ్యంలో మాస్టర్స్) చదువుతూ, ప్రాక్టికల్‌కి దక్షిణాఫ్రికా వెళ్లాలనుకునే మన పిల్లలు నన్ను అడుగుతుండేవి ఇవి. డర్బన్‌లో ఒక క్లినిక్‌లో కొన్ని వారాలు పనిచేసి వచ్చాను గనుక జవాబులు రాస్తున్నాను.

ఎఫ్-1 వీసా మీద ఉన్నాను. సీపీటీ కావాలా?

సీపీటీ అమెరికా గడ్డ మీద చేసే పనికి ఇచ్చే అనుమతి. బయటి దేశంలో చేసే ప్రాక్టికల్‌కి మామూలుగా అక్కర్లేదు. అలాగని డీఎస్‌ఓకి (మీ యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే అధికారి) చెప్పకుండా విమానం ఎక్కొద్దు. ఐ-20 మీద ప్రయాణ సంతకం ఏడాదిలోపుదై ఉండాలి. పాస్‌పోర్టులో ఎఫ్-1 స్టాంపు తిరిగొచ్చే రోజుకి చెల్లాలి. గడువు దాటితే మళ్లీ కాన్సులేట్ చుట్టూ తిరగాలి, ఈలోగా సెమిస్టర్ మొదలైపోతుంది. దక్షిణాఫ్రికాకూ భారత పాస్‌పోర్టు మీద వీసా కావాలి. ఊరు చూడటానికి తీసుకున్న వీసాతో క్లినిక్‌లో కూర్చోకూడదు. వెళ్లే పనేమిటో దరఖాస్తులో ఉన్నదున్నట్టు రాయండి.

ఎంత పని చేస్తే లెక్కలోకి వస్తుంది?

గంటల లెక్క మీ విభాగం చెబుతుంది. ప్రజారోగ్య కోర్సులకు గుర్తింపునిచ్చే సంస్థ సీఈపీహెచ్ అడిగేది కనీసం 5 నైపుణ్యాలు, వాటిని చూపించే కనీసం 2 పనులు. ఆ పనులు క్లినిక్‌కి ఉపయోగపడాలి.

రద్దీగా ఉంది, కాస్త రక్తపరీక్ష చేసిపెట్టమన్నారు. చేయవచ్చా?

వద్దు. అడిగినవాళ్లది మంచి మనసే కావచ్చు, వరండాలో జనం తెల్లవారుజాము నుంచీ కూర్చుని ఉండొచ్చు. అయినా ఎంపీహెచ్ విద్యార్థి నర్సు కాదు, శిక్షణ పొందిన కౌన్సెలరూ కాదు. పాజిటివ్ అని చెప్పే మాట ఒక మనిషి జీవితాంతం గుర్తుంచుకునే మాట. అది మీరు నేర్చుకోవడానికి వాడుకునేది కాదు. మందుల కోసం ఒక్కొక్కరు ఎంతసేపు వరుసలో నిలబడుతున్నారో వారం రోజులు రాసి సిస్టర్‌కి ఇవ్వండి. అది వాళ్లకి నిజంగా కావలసిన పని.

రోగి వివరాలు ఎంతవరకు చూడవచ్చు, ఎవరికి చెప్పవచ్చు?

క్లినిక్‌తో మీ ఒప్పందంలో రాసినంతవరకే చూడాలి, ఎవరికీ చెప్పకూడదు. అక్కడి జాతీయ ఆరోగ్య చట్టం (2003) రోగి సమాచారమంతా గోప్యమంటుంది. వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 2021 జూలై నుంచి పూర్తిగా అమల్లో ఉంది. రిజిస్టర్ పేజీకి ఫోన్‌తో ఫొటో తీయడం కూడా తప్పే, పేరు కనిపించకపోయినా సరే.

చట్టం చదివినప్పుడు కాదు, మొదటివారంలో ఒక రోగి ఫైలు చేతికొచ్చినప్పుడు ఈ గోప్యత నాకు బోధపడింది. అట్టమీద మన తెలుగువాళ్ల ఇంటిపేరు. ఏ పేరో ఇక్కడా రాయను. 1860 నుంచి మద్రాసు ఓడల్లో నాటాల్ చెరకు తోటలకు కూలీలుగా వెళ్లినవాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు. వాళ్ల మునిమనవలు ఇప్పటికీ డర్బన్‌లో ఉన్నారు. ఒళ్లు పులకరించింది. ఆ రాత్రి అమ్మతో ఫోన్‌లో ఆ పేరు నాలుక చివరిదాకా వచ్చి ఆగింది. అమ్మకి ఆ ఫైలు ఆవిడెవరో తెలియదు, నిజమే. కానీ అమ్మ పెద్దమ్మతో అంటుంది, పెద్దమ్మ వాట్సాప్ గ్రూపులో పెడుతుంది, ఆ గ్రూపులో డర్బన్ చుట్టం ఒకరుంటారు. ఆవిడ తన ఇంట్లో ఎవరికి చెప్పుకుందో, ఎవరి దగ్గర దాచుకుందో మనకేం తెలుసు? దాచుకునే హక్కు ఆవిడది.

పన్నెండేళ్ల పిల్ల ఒంటరిగా పరీక్షకొస్తే తల్లికి కబురు చేయాలా?

అక్కడి పిల్లల చట్టం ప్రకారం 12 ఏళ్లు నిండితే పరీక్షకు తనే ఒప్పుకోవచ్చు. తన ఒప్పుదల లేకుండా ఫలితం తల్లికైనా చెప్పకూడదు. మన దేశంలో 18 లోపు పెద్దలు ఒప్పుకోవాలి కాబట్టి మనకిది మింగుడుపడదు. కానీ మీరున్నది ఆ చట్టం కింద.

నాకే సూది గుచ్చుకుంటే?

సబ్బుతో, పారే నీళ్లతో కడిగి వెంటనే చెప్పండి. హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకి వాడిన సూది గుచ్చుకుంటే సోకే అవకాశం సుమారు వెయ్యిలో మూడు. నివారణ మందులు 72 గంటల్లోపు మొదలుపెట్టాలి, ఎంత తొందరైతే అంత మంచిది. 28 రోజులు మానకుండా వేసుకోవాలి. ఆ మందులు రాత్రిపూట ఎక్కడ దొరుకుతాయి, ఖర్చు ఎవరిది, బీమా వర్తిస్తుందా? ఈ మూడింటికీ బయల్దేరకముందే రాతపూర్వకంగా జవాబు తీసుకోండి. అడగడానికి మొహమాటపడొద్దు.

నిధులు ఆగి క్లినిక్ మూతపడితే నా క్రెడిట్లేమవుతాయి?

ఇది ఉత్త భయం కాదు. 2025 జనవరిలో అమెరికా విదేశీ సాయం ఆపేసినప్పుడు, ఆ డబ్బుతో నడిచే హెచ్‌ఐవీ క్లినిక్కులు కొన్ని దక్షిణాఫ్రికాలో కొన్ని రోజుల్లోనే తలుపులు మూశాయి. అలాంటప్పుడు ఇంకోచోట పూర్తిచేయవచ్చా, చేసినంతకి లెక్క ఇస్తారా అన్నది మీ విభాగం దగ్గర ముందే కాగితం మీద పెట్టించుకోండి. క్లినిక్ నిజంగా మూసే రోజొస్తే మాత్రం క్రెడిట్ల మాట తర్వాత. మందులు చాలావరకు అక్కడి ప్రభుత్వమే కొంటుంది కాబట్టి రోగులని దగ్గర్లోని ప్రభుత్వ క్లినిక్‌కి పంపుతారు. ఎవరి దగ్గర ఎన్ని రోజుల మాత్రలు మిగిలాయో, ఎవరికి బదిలీ చీటీ ఇంకా అందలేదో, సిస్టర్ పక్కన కూర్చుని ఒక్కొక్క ఫైలూ సరిచూడండి.