రక్తం కనబడలేదు సరే

ఎండాడ, కార్‌షెడ్ కూడలి, కొమ్మాది. విశాఖ మధురవాడలో ఉంటూ పిల్లల్ని బడికో బీచికో అమ్మమ్మ ఇంటికో తీసుకెళ్లేవాళ్లకు 16వ నంబరు జాతీయ రహదారి తప్పదు. స్కూలు ఆటోలు, సిటీ బస్సులు, లారీలు అన్నీ ఆ రోడ్డు మీదే. అలాంటి చోట మీ కారును వెనకనుంచి ఏదో గుద్దిందనుకోండి. అద్దం పగిలింది, పిల్లలు ఏడుస్తున్నారు గానీ రక్తం కనబడలేదు. చుట్టూ చేరినవాళ్లంతా "ఏం కాలేదు, దేవుడు చల్లగా చూశాడు" అంటారు. మంచి మాటే. కానీ ఆ సంగతి అప్పుడే తేలేది కాదు.

ముందు ఒంటి సంగతి. 108కి ఫోన్ చేయడానికి మొహమాటపడకండి. దగ్గర్లో హనుమంతవాక విమ్స్ ఆసుపత్రి ఉంది, ఊళ్లోకి వెళ్తే కేజీహెచ్. డాక్టరు చూసి పంపించాక కూడా రెండు రోజులు కనిపెట్టుకుని ఉండండి. మళ్లీ మళ్లీ వాంతులు, పెరిగే తలనొప్పి, లేపినా లేవనంత మత్తు, నడకలో తూలడం, ఫిట్స్, పొట్ట మీద బెల్టు ఒరుసుకున్న గుర్తుతోపాటు కడుపునొప్పి, వీటిలో ఏది కనబడినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. డబ్బు కోసం ఆగొద్దు. 2025 మేలో కేంద్రం తెచ్చిన పథకం ప్రకారం రోడ్డు ప్రమాద బాధితులకు గుర్తింపు పొందిన ఆసుపత్రుల్లో ఏడు రోజుల వరకు, లక్షన్నర రూపాయల దాకా నగదు కట్టకుండా వైద్యం అందాలి.

అసలు కష్టం ఇంటికొచ్చాక. సాయంత్రానికి చుట్టాలు దిగుతారు. వచ్చినవాళ్లందరికీ కథ మొదటినుంచీ చెప్తాం. "ఇంకో అడుగు ఇటొచ్చి ఉంటే పాప మనకు దక్కేది కాదు." పాప ఆ పక్కనే కూర్చుని వింటూ ఉంటుంది. తను ఏమైనా అడిగితే మాత్రం "అవన్నీ మర్చిపో తల్లీ" అంటాం. పెద్దలు వందసార్లు చెప్పుకోవచ్చు, పిల్లలు ఒక్కసారి అడగకూడదు. ఇదెక్కడి న్యాయం? చుట్టాలకు చెప్పేది తగ్గించి పిల్లలకు చెప్పండి. "లారీ మన కారుకు తగిలింది. పెద్ద చప్పుడైంది. నీకు భయమేసింది, నాకూ వేసింది. ఇప్పుడు అందరం ఇంట్లో ఉన్నాం." నాలుగేళ్లవాడికి అంత చాలు. పదేళ్ల పిల్ల ఇంకా అడుగుతుంది, అడిగినంతవరకే చెప్పండి.

నేను చిప్స్ అడిగాను కాబట్టే నాన్న వెనక్కి తిరిగాడు, అందుకే గుద్దుకుంది అని లోలోపల కుమిలే పిల్లలుంటారు. నీ తప్పేం లేదని పైకి చెప్పాలి. "నువ్వు ఫోన్ చూడబట్టే" అని వాళ్ల ముందు భార్యాభర్తలు వాదులాడుకోకుండా ఉండడం అంతకంటే అవసరం.

పిల్లాడు బొమ్మకార్లను పదేపదే ఢీకొట్టిస్తుంటే అపశకునమని లాక్కోకండి. మాటల్లో చెప్పలేనిది వాడు అలా చెప్తున్నాడు. పక్క తడపడం, నిద్రలో ఉలిక్కిపడడం, అమ్మ కొంగు వదలకపోవడం చాలామందిలో కొన్ని వారాల్లో సర్దుకుంటాయి. నెల దాటినా తగ్గకపోతే మానసిక వైద్యులకు చూపించాలి.

టీవీ కూడా కట్టేయాలి. 2023 నవంబర్ 22న విశాఖ సంగం శరత్ థియేటర్ కూడలిలో స్కూలు ఆటో లారీని ఢీకొని ఎనిమిది మంది పిల్లలు గాయపడ్డారు. ఆ సీసీటీవీ దృశ్యం టీవీల్లో, ఫోన్లలో తెగ తిరిగింది. ప్రమాదం నుంచి బయటపడ్డ పిల్లలకు అలాంటివి చూపించడమంటే మళ్లీ ఆ రోడ్డు మీద నిలబెట్టడమే.

అమ్మమ్మ దిష్టి తీస్తానంటే తీయనివ్వండి, పిల్లలకు అదో ధైర్యం. అయితే అసీల్‌మెట్ట సంపత్ వినాయగర్ గుడి దగ్గర కొత్త కారుకు పూజ చేయించి, టైర్లతో నిమ్మకాయలు తొక్కించి, పిల్లాణ్ని ముందు సీట్లో ఒళ్లో పెట్టుకుని ఇంటికెళ్లే వాళ్లను చూస్తే ఆ స్వామికే చెమటలు పడతాయేమో! ఒళ్లో ఉన్న బిడ్డను గుద్దుకున్న క్షణంలో ఎంత బలమున్న చేతులూ ఆపలేవు. ఎయిర్‌బ్యాగు తెరుచుకుంటే మరీ ప్రమాదం. పద్నాలుగేళ్లలోపు పిల్లలకు బెల్టో చైల్డ్ సీటో లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా అని 2019 చట్ట సవరణ చెప్తోంది. గట్టిగా గుద్దుకున్న కారులోని చైల్డ్ సీటును మళ్లీ వాడకండి, పైకి బాగానే కనిపించినా సరే.

మళ్లీ కారెక్కనని మొరాయిస్తే బలవంతం వద్దు. ఆగి ఉన్న కారులో కాసేపు కూర్చుని పాటలు వినండి. తర్వాత కాలనీలో ఒక చుట్టు, మరో రోజు ఇంకాస్త దూరం. హైవే అన్నిటికంటే చివర. స్టీరింగ్ పట్టుకోగానే మీ చేతులే వణుకుతుంటే కొన్నాళ్లు బండి ఇంకొకరికి ఇచ్చి, మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి. తెలుగులోనే మాట్లాడతారు.