చెయ్యి పడిపోయిన వారికి ఆటయంత్రం కొనాలా?

పక్షవాతం వచ్చిన తండ్రి కోసం, చెయ్యి ఊపుతూ ఆడే వీడియో గేమ్ కొనలేకపోయామని మీరు బాధపడుతున్నారా? ఈ సంగతి చదవండి.

2006లో నింటెండో కంపెనీ 'వీ' అనే ఆటయంత్రాన్ని విడుదల చేసింది. రిమోట్ లాంటి పరికరం పట్టుకుని చెయ్యి ఊపితే టీవీలోని బొమ్మ టెన్నిస్ ఆడుతుంది. ఎన్నడూ గేమ్ ముట్టని పెద్దలు కూడా సరదాగా ఆడారు. గంటల తరబడి ఆడి నొప్పి తెచ్చుకున్నవారూ ఉన్నారు. 29 ఏళ్ల యువ వైద్యుడొకరు ఇలాగే కుడి భుజం నొప్పితో నిద్ర లేచిన సంగతి 2007లో ఒక వైద్య పత్రికలో వచ్చింది. వారం పాటు మాత్రలు, ఆట బంద్. అదే వైద్యం!

ఈ ఊపుడు రోగుల చేతికి పనికొస్తుందా అని కెనడా, అర్జెంటీనా, పెరూ, థాయ్‌లాండ్ దేశాల్లో 141 మంది పక్షవాత రోగులపై పరీక్షించారు. మామూలు చికిత్సతో పాటు సగం మంది 'వీ' ఆడారు. మిగిలినవారు పేకముక్కలు (పందెం లేకుండానే లెండి), తంబోలా, చెక్కముక్కల ఆట, బంతి ఆడారు. రెండు వారాల్లో గంట చొప్పున పదిసార్లు. 2016లో వెలువడిన ఫలితం ఏమిటంటే, రెండు గుంపుల వారి చేతులూ మెరుగయ్యాయి, 'వీ' ఆడినవారికి అదనపు లాభం కనబడలేదు.

కాబట్టి సాయంత్రం కుటుంబ ప్రార్థనకు అందరూ చేరినప్పుడు మనవలచేత బల్లమీద బంతి దొర్లించండి, ఆయన ఆపుతారు. తువ్వాలు మడత పెట్టించండి. బలహీనమైన చేతిని పట్టి లాగకండి. నొప్పి అంటే ఆపండి. రోజుకు ఎంతసేపు చేయించాలో ఇంటికి వెళ్లేముందే ఫిజియోథెరపిస్టును అడిగి రాసుకోండి.