పశువు పొట్టలోని సూక్ష్మజీవులు – మన గ్లాసులోని పాలు

మన కుటుంబాలలో చాలామంది ఇంటి దగ్గర ఆవో, గేదో ఉంటుంది. పశువు లేనివారికీ పాలు రోజూ కావాలి. అందుకే ఈసారి మనిషి పొట్ట గురించి కాక పశువు పొట్ట గురించి చెప్పదలిచాము.

గడ్డి పాలుగా ఎలా మారుతుంది?

వరిగడ్డిని ఆవు సొంతంగా అరిగించుకోలేదు. దాని పొట్టలో నాలుగు అరలున్నాయి. మొదటి అరను రూమెన్ అంటారు. పెద్ద ఆవులో అది వంద లీటర్లకు పైగా పడుతుంది. అందులోని ఒక్క మిల్లీలీటరు ద్రవంలో సుమారు వెయ్యి కోట్ల బాక్టీరియా ఉంటాయి. వాటితోపాటు ప్రోటోజోవా, శిలీంధ్రాలు కూడా ఉంటాయి. ఇవన్నీ కలిసి పీచును పులియబెట్టి కొన్ని ఆమ్లాలుగా మారుస్తాయి. పశువుకు కావలసిన శక్తిలో ఎక్కువ భాగం ఈ ఆమ్లాల నుండే వస్తుంది. వాటిలో ఎసిటిక్ ఆమ్లం పాలలో వెన్న తయారీకి ముఖ్యం. కనుక మనం మేపేది ముందు ఆ సూక్ష్మజీవులను, తరువాతే పశువును.

విందు అన్నంతో ప్రమాదం

పెళ్లి మరునాడు మిగిలిన అన్నాన్ని పారేయడం ఎందుకని గేదె తొట్టిలో పోస్తుంటారు. ఒక్కసారిగా అంత అన్నం తింటే లాక్టిక్ ఆమ్లం పుట్టించే బాక్టీరియా విపరీతంగా పెరుగుతాయి. పొట్టలో పులుపు ఎక్కువై, పీచును అరిగించే సూక్ష్మజీవులు చచ్చిపోతాయి. పశువు మేత మానేస్తుంది, నెమరు వేయదు, పారుకుంటుంది. ఆలస్యమైతే ప్రాణం పోవచ్చు. వెంటనే పశువైద్యుణ్ణి పిలవాలి.

దాణాలో యాంటీబయాటిక్ మందులు

చాలా దేశాలలో జబ్బు లేకపోయినా, పశువులు త్వరగా పెరగాలని దాణాలో కొద్దికొద్దిగా యాంటీబయాటిక్ మందులు కలిపేవారు. ఆ కొద్ది మోతాదుకు చావని బాక్టీరియా క్రమంగా మందుకు లొంగకుండా తయారవుతాయి. అవి మనుషులకూ చేరతాయి. అందుకే యూరోపియన్ యూనియన్ 2006 జనవరి 1 నుండి పెరుగుదల కోసం ఇలా కలపడాన్ని నిషేధించింది. మన దేశం 2019లో ఆహారం కోసం పెంచే పశువులకు, కోళ్లకు కొలిస్టిన్ వాడకాన్ని నిషేధించింది. ఇతర మందులు పనిచేయనప్పుడు రోగికి మిగిలే చివరి ఆధారాలలో కొలిస్టిన్ ఒకటి.

మొక్కల దినుసులు పనిచేస్తాయా?

ఈ మందులకు బదులుగా వెల్లుల్లి, లవంగం, దాల్చినచెక్క, కుంకుడుకాయ, తుమ్మకాయ వంటి వాటిని పరిశోధకులు పరీక్షించారు. కుంకుడులోని సపోనిన్లు ప్రోటోజోవాను తగ్గిస్తాయి. తుమ్మకాయలోని టానిన్లు మాంసకృత్తులను పట్టి ఉంచి, రూమెన్‌లో వృథా కాకుండా తరువాతి అరలకు చేరుస్తాయి. అయితే ప్రయోగశాలలోని ఫలితం పశువులో అన్నిసార్లూ కనిపించలేదు. కొన్ని వారాలలో సూక్ష్మజీవులు వాటికి అలవాటు పడిపోవచ్చు. మోతాదు మించితే మేలు చేసే బాక్టీరియాకూ దెబ్బ తగులుతుంది. వెల్లుల్లి ఎక్కువైతే పాలకు వాసన పడుతుంది. మొక్క నుండి వచ్చిందే కదా అని గుప్పెళ్లతో వేయకండి.

మనం చేయవలసినవి

1. రోజూ తగినంత గడ్డి, చొప్ప వేయండి. దాణాను ఒకేసారి కాక రెండు మూడు సార్లుగా పెట్టండి.

2. కొత్త దాణాను సుమారు రెండు వారాలలో మెల్లమెల్లగా అలవాటు చేయండి.

3. పొదుగువాపుకు ఇంజక్షన్ చేయిస్తే, డాక్టరు చెప్పినన్ని రోజులు ఆ పాలు అమ్మవద్దు, ఇంట్లోనూ వాడవద్దు. కాచినా మందు పూర్తిగా పోదు. పెన్సిలిన్ పడనివారికి అది ప్రమాదం.

4. ఇంట్లో మిగిలిన మందుబిళ్లలను పశువుకు వేయవద్దు.

పాలు తోడుకోకపోతే తోడు మంచిది కాదని అనుకుంటాం. పాలలో మిగిలిన మందు పెరుగు చేసే బాక్టీరియాను చంపినా పాలు తోడుకోవు. ఆ పాలనే మన పిల్లలు తాగుతారన్న సంగతి గుర్తుంచుకుందాం.