తాళపత్ర సంరక్షణమున మద్యసారము: కాంతిధర్మములు, ఉపయోగములు

ప్రాచీన కావ్య పరిష్కరణమునకు పాఠనిర్ణయము మూలము. పాఠనిర్ణయమునకు పత్రముపై నున్న గీత మూలము. తంజావూరు సరస్వతీ మహలు, చెన్నపురి ప్రాచ్యలిఖిత పుస్తక భాండాగారము మొదలగు చోట్ల తెలుగు తాళపత్రములు పెక్కులు కలవు. ఇట్టి పత్రములను శుభ్రపరచుటకు వాడు ద్రవములలో ఇథైల్ మద్యసారము ముఖ్యమైనది. దీని స్వభావమును రసాయన శాస్త్రజ్ఞులే గాక పాఠపరిష్కర్తలును ఎరుగుట అవసరము.

ఈ ద్రవము వర్ణరహితము, పారదర్శకము. సుమారు 78 సెంటిగ్రేడు డిగ్రీలయొద్ద మరుగును. 20 డిగ్రీలయొద్ద దీని వక్రీభవన గుణకము 1.361, నీటిది 1.333. కంటికి గోచరించు కాంతిని ఇది శోషింపదు. అతినీలలోహిత కిరణములను సైతము సుమారు 210 నానోమీటర్ల వరకు పోనిచ్చును. కావుననే వర్ణద్రవ్యముల కాంతిశోషణమును కొలుచునపుడు వానిని దీనియందు కరగింతురు. లక్కమెరుగు తయారు చేయుటకు, మూలికల సారము తీయుటకు, సుగంధద్రవ్యములను కరగించుటకు, కటకములను తుడుచుటకు ఇది నిత్యోపయోగి.

నీరు కలిసిన మద్యసారమును కంటితో గుర్తింపజాలము. వక్రీభవన గుణకమొక్కటియు చాలదు. నీటియందు మద్యసారము హెచ్చుకొలది గుణకము పెరిగి, తూకమున 80 శాతము సమీపమున గరిష్ఠమై, పిమ్మట తగ్గును. అందుచే సగము నీరు గల మిశ్రమమునకును, శుద్ధ మద్యసారమునకును గుణకము ఇంచుమించు సమానము. సాంద్రత మాత్రము భేదమును తెలుపును: శుద్ధ ద్రవమునకు మిల్లీలీటరుకు 0.79 గ్రాములు, సగపాలు మిశ్రమమునకు 0.91 గ్రాములు. నీరు తాళపత్రమును ఉబ్బించును, తేమ నిలిచినచో బూజునకు తావిచ్చును. కనుక ఈ పరీక్ష ఉపేక్షింపదగినది కాదు.

గంటముతో చెక్కిన గీతలలో నింపిన మసి బొగ్గుపొడియే. అది మద్యసారమున కరగదు. అయినను గట్టిగా రుద్దినచో గీతలనుండి ఊడిపోవును. లక్కపూత గల చెక్కబద్దలు, కొన్ని రంగు సిరాలు మాత్రము కరగును. కావున ముందు మెత్తని కుంచెతో ధూళిని తొలగించి, అక్షరములు లేని అంచున పరీక్షించి, పిమ్మటనే తడిపిన దూదితో అద్దవలెను.

మరియొక విశేషము కలదు. పొడి పత్రపు నారలనడుమ గాలి యుండును. నారలకును గాలికిని వక్రీభవన భేదము అధికమగుటచే కాంతి చెదరును. మద్యసారము ఆ సందులను నింపగానే భేదము తగ్గి, కాంతి లోనికి చొచ్చి, పత్రము నల్లబారినట్లు తోచును. ద్రవము ఆరగానే పూర్వరూపము వచ్చును. తడిపత్రముపై కానవచ్చిన మచ్చను వత్తుగానో గుడిగానో భ్రమించుటకు అవకాశము కలదు. ఆరిన పత్రమును ఏటవాలు వెలుతురున చూచి నిర్ణయించిన పాఠమే విశ్వసనీయము.

మద్యసారపు ఆవిరి గదివేడిమిలోనే నిప్పంటుకొనును. గాలి ఆడుచోట, దీపమునకు దూరముగా, స్వల్పపరిమాణమున దీనిని వాడవలెను. ఏ పత్రమును ఏ ద్రవముతో ఎన్నడు శుద్ధిచేసిరో గ్రంథవివరణ సూచికయందు నమోదు చేయుట, భావి పరిష్కర్తలకు పాఠాంతరములను విమర్శించుటలో ఆధారమగును.